ఒక్క నిమిషం, అధ్యక్షా
(అంబర్‌పేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ కలుసుకున్నామో ఆయన శాసనసభలో రిపోర్టరు. పత్రికా విలేకరి కాదు. సభ నడుమ, స్పీకర్ ఎదుట ఉండే బల్ల దగ్గర కూర్చుని, సభ్యులన్న ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లోకి ఎక్కించే ఉద్యోగి. మన పేటలో అందరికీ ఆయన రిపోర్టర్ గారే. నేను ఆ రోజుల్లో పైన ప్రెస్ గ్యాలరీలో కూర్చునేవాణ్ణి. మా దృష్టంతా ఎవరు ఏమన్నారన్న దాని మీదే ఉండేది. ఎవరిని ఎంతసేపు మాట్లాడనిచ్చారు, ఎవరిని ఏ వేళకు పిలిచారు అన్నది ఆయన గమనించేవారు. వక్తల జాబితా పట్టుకుని ఆయన దగ్గరికి వెళితే, "జాబితా సరే, భోజనాల తర్వాత ఎవర్ని పిలిచారో అది చూడండి" అనేవారు. పొద్దున మాట్లాడినవాళ్ల మాట టీవీలకూ పత్రికలకూ చేరుతుంది. సాయంత్రం ఖాళీ బెంచీల ముందు మాట్లాడినవాళ్ల మాట ఆయన పుస్తకంలోకి మాత్రమే చేరేది.

అందుకే ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం ఇది: చట్టసభలోనూ, దాని కమిటీల్లోనూ మాట్లాడే సమయాన్ని పార్టీల మధ్య న్యాయంగా పంచడం ఎలా? చాలామందికి ఇది గుమాస్తా లెక్కలా అనిపిస్తుంది. నాకు మాత్రం ప్రాతినిధ్యమన్నది ఈ లెక్క దగ్గరే తేలుతుందనిపిస్తుంది. మనం ఓటేసి పంపిన మనిషి మన తరఫున ఒక మాట అనాలంటే ముందు ఆయన ముందున్న మైకు పనిచేయాలి. ఆ మైకు ఎప్పుడు, ఎంతసేపు పనిచేయాలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నిర్ణయిస్తున్నారు.

ఆ చోటు పేరు బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా సంఘం. స్పీకర్ అధ్యక్షత వహిస్తారు, పార్టీల సభాపక్ష నాయకులు కూర్చుంటారు. సభ ఎన్ని రోజులు జరగాలి, ఏ అంశానికి ఎన్ని గంటలు అన్నది అక్కడ తేలుతుంది. లోక్‌సభలో ఈ సంఘం 1952లోనే ఏర్పడింది. పార్టీలకు వాటా కట్టడంలో అందరూ అనుసరించే పద్ధతి ఒకటే: సభలో బలాన్ని బట్టి సమయం. వినడానికి ఇంతకన్నా న్యాయమైనది లేదనిపిస్తుంది. కానీ కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి.

తెలంగాణ శాసనసభలో 119 మంది. రెండు గంటల చర్చ అంటే 7,200 సెకన్లు. తలా ఒక నిమిషం వస్తుంది, అరసెకను అటూ ఇటూ. అంటే ఏ పార్టీకి ఎందరు సభ్యులో ఆ పార్టీకి అన్ని నిమిషాలు. 2023 ఎన్నికల తర్వాత కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39, బీజేపీకి 8, ఎంఐఎంకు 7, సీపీఐకి 1. సీపీఐ సభ్యుడు లేచి "ఒక్క నిమిషం, అధ్యక్షా" అంటే ఆయన బతిమాలుతున్నట్టు మనకు వినిపిస్తుంది. నిజానికి ఆయన తన పూర్తి వాటా అడుగుతున్నాడు. ఉమ్మడి రాష్ట్రంలో సంగతి ఇంకా కష్టం. 294 మంది సభలో అదే రెండు గంటలు తలా 24 సెకన్లు. 2009లో కూకట్‌పల్లి నుంచి లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ, మిర్యాలగూడ నుంచి సీపీఎం తరఫున జూలకంటి రంగారెడ్డి ఒక్కొక్కరే గెలిచారు. లెక్క ప్రకారమే నడిపితే, రాష్ట్ర బడ్జెట్ మీద ఒక పార్టీ మొత్తం అభిప్రాయానికి 24 సెకన్లు.

మన అంబర్‌పేట సంగతే చూద్దాం. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో తొలిసారి ఈ పేరుతో ఎన్నిక జరిగింది. జి. కిషన్‌రెడ్డి గెలిచారు. ఆ సభలో బీజేపీకి ఇద్దరే. మన ఓటరు పంపిన మనిషి ఒక పార్టీ సభాపక్ష నాయకుడు, ఆ పార్టీకి రెండు గంటల్లో వాటా 49 సెకన్లు. 2014లో తెలంగాణ సభకు మళ్లీ ఆయనే గెలిచారు, పార్టీకి ఐదుగురు, ఐదు నిమిషాలు. 2018లో వెయ్యి పైచిలుకు ఓట్ల తేడాతో టీఆర్‌ఎస్ (తర్వాతి బీఆర్‌ఎస్) తరఫున కాలేరు వెంకటేశ్ గెలిచారు. ఆ పార్టీ బలం 88. 2023లో ఆయనే మళ్లీ గెలిచారు, ఈసారి పార్టీ 39 మందితో ప్రతిపక్షంలో ఉంది. పేట అదే, అవే గల్లీలు, వాన పడితే అదే మూసీ భయం. మన మనిషి కూర్చున్న పక్షానికి దక్కే సమయం మాత్రం 49 సెకన్ల నుంచి గంటన్నర దాకా ఊగింది.

88 మంది ఉన్న పార్టీలో సభ్యుడైతే గంటన్నరలో అంబర్‌పేట మాటకు చోటు దొరికిపోతుందా? ఆ సమయం పార్టీది. అందులో ఎవరు మాట్లాడాలో పార్టీ రాసిస్తుంది. పదో షెడ్యూల్ కింద విప్ ధిక్కరణ అంటే ఓటు విషయంలోనే. సభ్యుడు ఏం మాట్లాడాలో విప్ శాసించాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. 194వ అధికరణం సభలో వాక్‌స్వాతంత్య్రాన్ని సభ్యుడికే ఇచ్చింది, పార్టీకి కాదు. కానీ పేరు జాబితాలో లేనివాడికి ఆ స్వాతంత్య్రం ఏం చేసుకోవాలి? పెద్ద పార్టీలో చివరి బెంచీ సభ్యుడూ, చిన్న పార్టీలో ఒంటరి సభ్యుడూ ఒకే పద్ధతి వల్ల రెండు రకాలుగా నష్టపోతున్నారు.

బలాన్ని బట్టి సమయం అనే సూత్రంతో నా పేచీ ఇది. సభలో సంఖ్యకు విలువ కట్టే ఘట్టం ఒకటి ఎలాగూ ఉంది, అదే ఓటింగ్. అక్కడ 64 మంది 64గానే లెక్కకు వస్తారు, రావాలి కూడా. దానికి ముందు జరిగే చర్చ వేరే పని. ఒక వాదన వినడానికి పట్టే సమయం దాని వెనక ఎందరున్నారన్న దాన్ని బట్టి మారదు. ధరణి భూరికార్డుల పోర్టల్ లోపాలు చెప్పడానికి ఒక్కడికి పది నిమిషాలు పడితే నలభై మంది తరఫున చెప్పడానికీ పదే పడతాయి. ఓటులో పూర్తిగా లెక్కపెట్టిన సంఖ్యనే మాటలోనూ పూర్తిగా లెక్కపెడితే మెజారిటీకి ఒకే హక్కు రెండుసార్లు ఇచ్చినట్టు.

అయితే అన్ని పార్టీలకూ సమానంగా పంచేద్దామా? అదీ అన్యాయమే. ఒక్కడున్న పార్టీకీ 64 మంది ఉన్న పార్టీకీ చెరి ఇరవై నాలుగు నిమిషాలంటే ఆ 64 నియోజకవర్గాల ఓటర్లు ఏం పాపం చేశారు? పైగా పార్టీని చీల్చుకుంటే సమయం పెరుగుతుందన్న ఆశ పుడుతుంది. మన రాష్ట్రాల్లో అలాంటి ఆశలకు కొదవ లేదు.

యూరోపియన్ పార్లమెంటు నియమావళిలో దీనికి మధ్యేమార్గం ఉంది. చర్చా సమయంలో మొదట ఒక భాగాన్ని పక్షాలన్నిటికీ సమానంగా పంచుతారు. తర్వాత మరో భాగాన్ని సభ్యుల సంఖ్యను బట్టి పంచుతారు. ఏ పక్షంలోనూ చేరని సభ్యులకు కూడా కొంత సమయం కేటాయిస్తారు. ఈ పద్ధతిని మన 119కి అన్వయించి చూశాను. రెండు గంటల్లో మూడో వంతు, అంటే 40 నిమిషాలు, ఐదు పార్టీలకూ సమానంగా ఎనిమిదేసి నిమిషాలు. మిగతా 80 నిమిషాలు బలాన్ని బట్టి. అప్పుడు కాంగ్రెస్‌కు 51, బీఆర్‌ఎస్‌కు 34, బీజేపీకి 13న్నరకు కాస్త తక్కువ, ఎంఐఎంకు 12న్నర పైచిలుకు, సీపీఐకి తొమ్మిదికి కాస్త తక్కువ. అధికార పక్షం అందరికన్నా ఎక్కువే మాట్లాడుతుంది, ప్రధాన ప్రతిపక్షానికి ఐదు నిమిషాలే తగ్గుతాయి. ఒంటరి సభ్యుడు ఒక వాదన మొదలుపెట్టి ముగించగలుగుతాడు. సగం సమానంగా పంచితే అదే ఒంటరి సభ్యుడికి పన్నెండున్నర నిమిషాలు వస్తాయి, అధికార పక్షం 44కు దిగుతుంది. అది ఎక్కువని నా అభిప్రాయం. మూడో వంతు దగ్గర ఆగడం న్యాయం.

మన సభల్లో చిన్న పార్టీలకు లెక్కకు మించి సమయం ఇచ్చిన స్పీకర్లు లేరని కాదు. గంట కొట్టి కూడా మరో రెండు నిమిషాలు వదిలేయడం మనం చూసిందే. కానీ అది స్పీకర్ దయ. ఇవాళ ఇచ్చినవారు రేపు ఇవ్వకపోవచ్చు. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైనప్పుడు నీలం సంజీవరెడ్డి తన పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఆ తర్వాత ఆ దారిలో నడిచినవారు అరుదు. స్పీకర్ పార్టీ మనిషిగానే మిగిలిన చోట చిన్న పార్టీ సమయం నియమంగా రాసి ఉండాలి.

సంఖ్యను బట్టి గీతలు గీయడం వల్ల జరిగే తమాషాలు తెలుగువాళ్లకు కొత్త కాదు. 1994లో 294 మందిలో కాంగ్రెస్‌కు 26 దక్కాయి. ప్రతిపక్ష హోదాకు చెప్పే పదో వంతు గీత ప్రకారం చూస్తే చాలవు. అయినా పి. జనార్దన్‌రెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 175 మందిలో వైఎస్సార్‌సీపీకి 11 దక్కాయి. ఆ జూన్‌లో ప్రతిపక్ష నాయకుడి హోదా కోసం జగన్మోహన్‌రెడ్డి స్పీకర్ అయ్యన్నపాత్రుడికి రాసిన లేఖలో 1994 ఉదాహరణ ఉంది. ఆయన ఫిర్యాదుకు మూలం కూడా సమయమే: ఆ హోదా లేకపోతే తగినంత సేపు మాట్లాడే అవకాశం రాదని. తెలంగాణలో 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ సభ్యులు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యాక ఆ పార్టీకి ఆరుగురే మిగిలారు. ఏడుగురున్న ఎంఐఎం రెండో పెద్ద పార్టీ అయింది. అది అధికార పక్షానికి మిత్రపక్షం. ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసే పార్టీకి ఉన్న సమయం ఫిరాయింపులతోనే కరిగిపోయింది; ఏ ఓటరూ మళ్లీ ఓటేయలేదు. అందుకే మొదటి, సమాన వాటాను ఎన్నికల రోజున గెలిచిన పార్టీలను బట్టి కట్టాలి, తర్వాత జరిగే చేరికలను బట్టి కాదు అంటాను. వైఎస్సార్‌సీపీ విషయంలో రెండో మాట కూడా చెప్పాలి. పదకొండు మందికీ న్యాయమైన సమయం ఇవ్వాల్సిందే. ఆ పదకొండు మంది సభకు వచ్చి దాన్ని వాడుకోవాల్సిందే. ఖాళీ కుర్చీకి కేటాయించిన నిమిషాలు ఆ నియోజకవర్గాల ప్రజల దగ్గర్నుంచి తీసుకున్నవి.

ఇక అసలు పార్టీయే సరైన కొలమానమా అన్న ప్రశ్న ఉంది. దానికి మన దగ్గరున్నంత పెద్ద ఉదాహరణ దేశంలో మరెక్కడా లేదేమో. 2013 డిసెంబర్‌లో, రాష్ట్రాన్ని రెండుగా విడదీసే ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ బిల్లును రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. జనవరి 23 దాకా గడువు, తర్వాత మరో వారం పొడిగింపు. స్పీకర్ నాదెండ్ల మనోహర్. డిసెంబర్ రోజులు ఎక్కువగా గొడవల్లోనే పోయాయి. జనవరిలో చర్చ సాగినప్పుడు పార్టీలవారీ పంపకం అర్థం కోల్పోయింది. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి బిల్లును వ్యతిరేకిస్తూ రోజుల తరబడి మాట్లాడితే, ఆయన మంత్రివర్గంలోని ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ తెలంగాణ వాదం వినిపించారు. తెలుగుదేశంలో ఎర్రబెల్లి దయాకర్‌రావుది ఒక మాట, పయ్యావుల కేశవ్‌ది ఇంకో మాట. కాంగ్రెస్ సమయమంటే ఎవరి సమయం? తెలుగుదేశం వాటాలో సగం ఎటు? జనవరి 30న బిల్లును తిరస్కరించాలన్న ముఖ్యమంత్రి తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. ఎవరెవరు ఎటో విడివిడిగా లెక్క కూడా తేలలేదు. మాట్లాడే వంతు రాని సభ్యులు తమ అభిప్రాయాలను రాసి ఇచ్చారు. ఆ కాగితాలు కూడా ప్రసంగాలే. కోట్లమంది జీవితాన్ని మార్చే బిల్లు మీద ప్రాంతాలవారీగా సమయాన్ని పంచి ఉంటే రెండు వైపుల వాదనా వరుసగా, పూర్తిగా రికార్డుకెక్కేది. ప్రశ్న పార్టీలను నిలువునా చీల్చినప్పుడు పంపకం ఆ చీలికను బట్టే ఉండాలి. ఆ మాట అప్పుడూ అనుకున్నాను, ఇప్పటికీ మార్చుకోలేదు.

ఇక కమిటీల సంగతి. నాకు ఎక్కువ ఆశ ఉన్నదీ, ఎక్కువ బాధ ఉన్నదీ ఇక్కడే.

కమిటీ గదిలో అంకెలు ఒక్కసారిగా మారిపోతాయి. వక్ఫ్ సవరణ బిల్లు మీద 2024 ఆగస్టులో వేసిన సంయుక్త పార్లమెంటరీ కమిటీని తీసుకోండి. 31 మంది, జగదాంబికా పాల్ అధ్యక్షుడు. అందులో తెలుగు రాష్ట్రాల సభ్యులు నలుగురు, నాలుగు వేర్వేరు పార్టీల నుంచి: అసదుద్దీన్ ఒవైసీ, డి.కె. అరుణ, లావు శ్రీకృష్ణదేవరాయలు, విజయసాయిరెడ్డి. 543 మంది లోక్‌సభలో రెండు గంటలు పంచితే ఎంఐఎంకు 13 సెకన్లు. అదే రెండు గంటలు కమిటీలో తలా పంచితే దాదాపు నాలుగు నిమిషాలు. పైగా టీవీ కెమెరాలు లేవు, గ్యాలరీ లేదు, ఎవరి మెప్పు కోసమో అరవాల్సిన పని లేదు. నిజంగా విని, అడిగి, మనసు మార్చుకునే వీలున్న చోటు అది. ఆ కమిటీలోనే తమను మాట్లాడనివ్వడం లేదని ప్రతిపక్షం ఫిర్యాదు చేసింది. 2025 జనవరి 24న ఒవైసీ సహా పదిమంది ప్రతిపక్ష సభ్యులను ఆ రోజుకు సస్పెండ్ చేశారు. ప్రతిపక్షమే అడ్డుపడిందని అధ్యక్షుడు అన్నారు. ఎవరు నిజం చెప్పారో తేల్చడానికి మన ముందు సమయాల పట్టిక లేదు. ఎవరు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు మాట్లాడారన్నది ఒక్క కాగితం మీద ఉంటే ఆ వివాదం సగం అక్కడే తీరేది. చివరికి నివేదికకు జత చేసిన అసమ్మతి పత్రాల్లోంచి కొన్ని భాగాలు తొలగించారన్న గొడవ వచ్చి, ఫిబ్రవరిలో సభ ముందు పెట్టినప్పుడు వాటిని మళ్లీ చేర్చారు. నోటితో చెప్పనివ్వనిచోట రాతకైనా పూర్తి విలువ ఉండాలి.

కమిటీలో ఇంకో చిక్కు, అసలు అందులోకి ప్రవేశమే. ఆంధ్రప్రదేశ్ ప్రజాపద్దుల సంఘానికి శాసనసభ నుంచి తొమ్మిది మందిని దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు. 175 మంది ఓటర్లు, తొమ్మిది స్థానాలు, గెలవడానికి 18 ఓట్లు కావాలి. 2019లో 23 మందితో తెలుగుదేశానికి ఒక స్థానం వచ్చింది, పయ్యావుల కేశవ్ అధ్యక్షుడయ్యారు. 2024లో 11 మంది ఉన్న వైఎస్సార్‌సీపీకి స్థానమే రాలేదు, ఎన్నికను బహిష్కరించారు. అధికార కూటమిలోని జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది తెలంగాణలో బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచిన అరెకపూడి గాంధీని ప్రజాపద్దుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తే, ఆయన అప్పటికే కాంగ్రెస్‌లో చేరారని బీఆర్‌ఎస్ గొడవ చేసింది. ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే సంఘానికి ప్రతిపక్షం వారు అధ్యక్షత వహించడం ఎందుకు ఆనవాయితీ అయింది? ఎవరు ముందు అడగాలి, అధికారిని ఎక్కడ ఆపాలి అన్నది అధ్యక్షుడి చేతిలో ఉంటుంది కాబట్టి. ఆ కుర్చీ మారితే నిమిషాలు కూడా మారతాయి.

కమిటీలో నిమిషాల కన్నా వరుస ముఖ్యం. మొదట అడిగినవాడు విచారణకు దారి వేస్తాడు. ఐదో ప్రశ్న అడిగేవాడికి ముందు నలుగురు అడగ్గా మిగిలిందే దక్కుతుంది. కెనడా కామన్స్ సభ కమిటీలు దీనికి ఒక పరిష్కారం కనుక్కున్నాయి. కమిటీ ఏర్పడగానే, ఇంకా ఏ వివాదమూ పుట్టకముందే, ప్రశ్నల వరుసనూ నిమిషాలనూ తీర్మానంగా రాసుకుంటాయి. మొదటి చుట్టులో గుర్తింపు ఉన్న ప్రతి పార్టీకీ ఆరు నిమిషాలు, చిన్నదైనా పెద్దదైనా. రెండో చుట్టులో పెద్ద పార్టీలకు ఐదేసి, చిన్నవాటికి రెండున్నరేసి. సాక్షి చెప్పే జవాబు కూడా ఆ నిమిషాల్లోనే లెక్క. అక్కడా గీత లేకపోలేదు: పన్నెండు మంది ఉంటేనే గుర్తింపు. 2025 ఎన్నికల్లో ఏడుగురికి పడిపోయిన ఎన్డీపీ ఆ గుర్తింపునూ కమిటీ స్థానాలనూ పోగొట్టుకుంది. గీత ఎక్కడ గీసినా దాని కింద ఎవరో ఒకరు పడతారు. అందుకే సమాన చుట్టులో గీత ఉండకూడదు.

మన కమిటీలకు నేను కోరేది ఇంతే. తొలి సమావేశంలోనే పంపకాన్ని తీర్మానించుకోవాలి. మొదటి చుట్టు పార్టీలన్నిటికీ సమానం, రెండోది బలాన్ని బట్టి, మూడోది పార్టీతో నిమిత్తం లేకుండా ఇంతవరకూ నోరు తెరవని సభ్యులకు. పెద్ద పార్టీ చివరి బెంచీకి ఆ మూడో చుట్టే దిక్కు. మొదటి ప్రశ్న ఏ పార్టీదన్నది ప్రతి సమావేశానికీ మారుతూ పోవాలి. అధికారి మూడు నిమిషాలు దాటి చదువుకుపోతే ఆ సమయాన్ని అడిగినవాడి వాటాలోంచి కోయకూడదు. సభలో కూడా అంతే: ఎదుటివాళ్లు లేచి అడ్డుపడ్డ నిమిషాలు మాట్లాడుతున్నవాడి ఖాతాలో పడకూడదు, మంత్రి మధ్యలో లేచి ఇచ్చే వివరణ అధికార పక్షం ఖాతాలో పడాలి. మన సభల్లో వాటా ఎక్కువగా పోయేది ఇక్కడే, పంపకం దగ్గర కాదు.

నివేదిక చివర ఒక పట్టిక కావాలి: ఏ సమావేశంలో ఎవరు ఏ వరుసలో, ఎంతసేపు మాట్లాడారు. ఏమన్నారో రహస్యంగా ఉంచుకోవచ్చు, కమిటీ గది గోప్యతకు అర్థం ఉంది. ఎంతసేపు అన్నదాన్ని దాచడానికి ఏ కారణమూ లేదు. రిపోర్టర్లు వంతులు మారే వేళలు ఎలాగూ రాసుకుంటారు కాబట్టి అది తయారు చేయడం పెద్ద పని కాదు. అంబర్‌పేట ఓటరు, ఉప్పల్ ఓటరు, నాచారం నుంచి వచ్చి ఇక్కడ కూర్చున్న మీరు, మీ సభ్యుడి పేరు ఎదురుగా ఎన్ని నిమిషాలున్నాయో చూసుకోగలగాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 208వ అధికరణం కింద సభ తన నియమాలు తానే రాసుకుంటుంది; కమిటీల మటుకు స్పీకర్ ఒక ఆదేశం ఇస్తే వచ్చే సమావేశాల నుంచే మొదలుపెట్టవచ్చు.